ఐదేళ్లుగా వాడుతున్న ఓబీడీ స్కానర్: కొనేవాళ్లకి నా అనుభవం

ఐదేళ్ల కిందట కారులో ఇంజిన్ లైటు వెలిగింది, దానితోపాటు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా బండి సన్నగా వణకడం మొదలైంది. ఆ టెన్షన్‌లో కొన్నదే ఈ అగ్గిపెట్టెంత బ్లూటూత్ స్కానర్. ఓబీడీ అంటే బండి తన లోపాల్ని తానే కనిపెట్టి కోడ్‌ల రూపంలో దాచుకునే ఏర్పాటు. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో స్కానర్‌ని గుచ్చి, ఫోన్‌లో యాప్ తెరిస్తే ఇంజిన్ కంప్యూటర్‌లో దాగిన ఆ కోడ్‌లన్నీ చదివి చూపిస్తుంది. నా కారుకే కాకుండా అన్నయ్య కారుకీ, ఒక ఫ్రెండ్ పాత బండికీ కూడా వాడాను. చాలా నచ్చింది. కాకపోతే మొదట్లో నేను దాన్ని తప్పుగా వాడాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ రోజు వచ్చిన కోడ్ పీ0171. ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ వెళ్తోందని దాని అర్థం. గ్యారేజీలో ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు, మార్పించేశాను. మూడు రోజులు తిరక్కుండానే మళ్లీ అదే లైటు, అదే కోడ్. పాపం ఆ సెన్సర్ తన పని తాను సరిగ్గానే చేసింది, గాలి ఎక్కువైందన్న కబురు మోసుకొచ్చింది, మేము కబురు తెచ్చినదాన్నే పీకి పారేశాం.

అప్పుడు కూర్చుని యాప్‌లో లైవ్ డేటా చూడటం నేర్చుకున్నాను. అసలు ఈ పరికరం విలువంతా అక్కడే ఉంది, కోడ్‌లలో కాదు. ఫ్యూయల్ ట్రిమ్ అని ఒక అంకె ఉంటుంది, కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం పెట్రోల్ అదనంగా పోస్తోందో, ఎంత తగ్గిస్తోందో అది చెబుతుంది. మామూలుగా సున్నాకి అటూ ఇటూ పది లోపు ఉండాలి. నా కారులో ఐడ్లింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 22 చూపించింది, యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎమ్ దగ్గర నిలిపితే 4కి పడిపోయింది. ఐడ్లింగ్‌లో ఇంజిన్ పీల్చే గాలే చాలా తక్కువ, కాబట్టి ఎక్కడైనా చిన్న లీకు ఉన్నా లెక్క బాగా తప్పుతుంది, రేస్ చేసినప్పుడు వెళ్లే గాలిలో అదే లీకు కలిసిపోయి పెద్దగా కనబడదు. అదే పెట్రోల్ పంపు బలహీనపడితే సాధారణంగా తిరగబడుతుంది, లోడ్ పెరిగేకొద్దీ ఆ అంకె కూడా పెరుగుతుంది. సరే అని టార్చిలైటు పట్టుకుని ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇంటేక్ వెనక రబ్బరు పైపులన్నీ ఒక్కొక్కటే వంచి చూశాను. ఒకదాని మెడ దగ్గర, వేలితో వంచితేనే నోరు తెరిచే చీలిక దొరికింది. ఆ పైపు మార్చాక ట్రిమ్ 2, 3 దగ్గర నిలబడింది, వణుకు పోయింది.

అప్పటినుంచి కోడ్ వచ్చిందంటే ఏ పార్టు కొనాలి అని ఆలోచించను, ఎక్కడినుంచి వెతకాలి అని ఆలోచిస్తాను. ఫ్రెండ్ బండికి పీ0303 వచ్చింది, మూడో సిలిండర్ మిస్ అవుతోందని, అంటే అందులో పెట్రోల్ సరిగ్గా మండట్లేదని. ఒక్కో ప్లగ్గుకి నిప్పురవ్వ కోసం కరెంటిచ్చే కాయిల్ విడిగా ఒక్కోటి ఉండే ఇంజిన్ కావడంతో మూడో కాయిల్ తీసి ఒకటోదానికి, ఒకటోది మూడోదానికి పెట్టాం. కాసేపు తిప్పాక కోడ్ పీ0301గా మారింది. ఇక అనుమానమే లేదు, కాయిలే పోయింది.

కరెంటు విషయానికొస్తే స్కానర్ ఒక్కటే చాలదు, పక్కన మల్టీమీటర్ ఉండాల్సిందే. ఒకసారి పొద్దున్నే సెల్ఫ్ బరువుగా తిరిగేది, స్కానర్‌లో ఒకదానితో ఒకటి పొంతన లేని కోడ్‌లు నాలుగైదు వచ్చాయి. వోల్టేజీ బాగా పడిపోతే కంప్యూటర్లు అలా గందరగోళపడతాయి. బ్యాటరీ మీటరుతో చూస్తే 12.6, అంటే ఫుల్ ఛార్జ్. అప్పుడు మీటరు ఒక వైరు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద ఆనించి అన్నయ్యని సెల్ఫ్ కొట్టమన్నాను. 0.9 వోల్టులు! బ్యాటరీ నెగటివ్‌ని ఇంజిన్‌కి కలిపే ఎర్త్ మంచిదైతే అక్కడ 0.2, 0.3 దాటకూడదు. ఎర్త్ వైరు బోల్టు విప్పితే కింద పచ్చగా తుప్పు. గరుకు కాగితంతో రుద్ది గట్టిగా బిగించాను, ఆ తర్వాత కోడ్‌లు తుడిచేస్తే మళ్లీ ఒక్కటీ రాలేదు. ఊరికే బ్యాటరీ కొనేవాళ్లమే.

లోపాలు కూడా ఉన్నాయి. నేను వాడే మామూలు యాప్‌తో ఇంజిన్ సంగతులే తెలుస్తాయి, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ లైట్ల జోలికి వెళ్లలేదు. ఒకేసారి ఎక్కువ రీడింగులు పెడితే బాగా నెమ్మదిస్తుంది. సాకెట్‌లోనే వదిలేస్తే బండి ఆపినా కరెంటు తాగుతూనే ఉంటుంది, పదిరోజులు కదలని బండికి అదే చాలు బ్యాటరీ దిగిపోవడానికి. మరీ పాత కార్లకైతే ఆ సాకెట్టే ఉండదు, అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకి 2001 నుంచి తప్పనిసరి చేశారు. ఇంకోటి, దయచేసి కోడ్ చూడగానే తుడిచేయకండి. లైటు వెలిగిన క్షణంలో స్పీడ్, వేడి, ఆర్‌పీఎమ్ ఎంతున్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటుంది, తుడిస్తే అదీ పోతుంది. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి.

మెకానికల్ గొడవల్లో చాలావాటికి ఇది మూగదే. కిందటేడు స్పీడ్ అరవై దాటితే ముందు చక్రం వైపు హోరు వచ్చేది, స్టీరింగ్ కొద్దిగా కుడికి తిప్పితే పెరిగేది, ఎడమకి తిప్పితే తగ్గేది. స్కానర్‌లో ఏమీ లేదు. కుడికి తిరిగినప్పుడు బరువంతా ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి ఎడమ బేరింగ్ అనుకున్నాను, జాకీ ఎత్తి చేత్తో తిప్పితే గరగరమంది, అదే.

ప్రస్తుతం అన్నయ్య కారులో పీ0128 ఉంది, ఇంజిన్ ఉండాల్సినంత వేడెక్కట్లేదని. కూలెంట్ లెవెల్ తక్కువైనా ఈ కోడ్ రావచ్చు కాబట్టి ముందు అది చూశాం, నిండుగానే ఉంది. లైవ్ డేటాలో హైవే మీద వేడి 68 డిగ్రీలకి జారిపోతోంది, ఆ బండికి తొంభై దగ్గర నిలబడాలి. ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే థర్మోస్టాట్ తెరుచుకుని అలాగే ఉండిపోయినట్టుంది, వచ్చే ఆదివారం విప్పుతున్నాం.