పాత ఎఫ్‌ఎంబీ లింకులను మీటర్లలోకి మార్చడానికి ఏ లెక్క మేలు?

రీసర్వే జరిగిన గ్రామాల రైతులు, ముఖ్యంగా పత్తికొండ, కళ్యాణదుర్గం, జమ్మలమడుగు వైపువారు, తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. పాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం) స్కెచ్‌లో గట్ల పొడవులు లింకుల్లో, అంటే కొలత గొలుసులో నూరో వంతుల్లో, ఉన్నాయి, నేడు సర్వేయరు చేతిలోని రోవరు (ఉపగ్రహ సంకేతాలతో కొలిచే పరికరం) మీటర్లలో చూపుతోంది. ఈ రెండింటినీ సరిపోల్చాలంటే లింకును ఎంతతో గుణించాలి? వాడుకలో మూడు దారులున్నాయి: ఐదు లింకులు ఒక మీటరు అనే నోటిలెక్క, 0.201168 అనే కచ్చితమైన గుణకం, పొలంలో మిగిలిన పాత సర్వే హద్దు రాళ్ళ మధ్య దూరాన్ని మళ్ళీ కొలిచి ఆ పొలానికే చెల్లే గుణకాన్ని రాబట్టుకోవడం.

నోటిలెక్క 20 మీటర్ల మెట్రిక్ గొలుసుకు అక్షరాలా నిజం. పాత స్కెచ్‌లలోని గంటర్ గొలుసు పొడవు మాత్రం 66 అడుగులు, అంటే 20.1168 మీటర్లు. 1,000 లింకుల గట్టుకు తేడా 1.17 మీటర్లే అయినా విస్తీర్ణంలో అది రెట్టింపు శాతమవుతుంది: ఎకరం 4,046.86 చదరపు మీటర్లకు బదులు 4,000 వద్ద ఆగిపోతుంది. ఆ లోటు 56 గజాలు, సెంటు 48.4 గజాలే కనుక, ఐదెకరాల పొలంలో దాదాపు ఆరు సెంట్లు కాగితం మీదే మాయమవుతాయి. గట్టు వెంట నడుస్తూ రాయి ఏ ప్రాంతంలో ఉండవచ్చో చూసుకోవడానికి తప్ప ఈ లెక్క పనికిరాదు.

రెండవ దారిలో చర్చంతా దశాంశ స్థానాల చుట్టూ తిరుగుతుంది. అడుగు 0.3048 మీటర్లని 1959లో అంతర్జాతీయంగా స్థిరపడింది. మన దేశపు పాత సర్వే లెక్కల్లో వాడిన భారత అడుగు 0.3047996 మీటర్లు కనుక దానినే వాడాలని జాగ్రత్తపరులు కొందరు వాదిస్తారు. దేశపు త్రికోణమితి సర్వేను మొదలుపెట్టిన లాంబ్టన్ 1811లో గుత్తి దగ్గర కొలిచిన ఆధార రేఖ (మిగతా దూరాలను లెక్కకట్టడానికి నేరుగా కొలిచే గీత) వంటి వాటిని కలుపుకుంటూ వందల కిలోమీటర్లు సాగే త్రికోణమితి సర్వేలో ఈ పట్టింపు అవసరమే, ఎందుకంటే 100 కిలోమీటర్లకు తేడా 13 సెంటీమీటర్లు వస్తుంది. 1,000 లింకుల గట్టుకు వచ్చే తేడా మిల్లీమీటరులో నాలుగో వంతు. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగితే ఉక్కు గొలుసు ఒక్కొక్కటి నాలుగున్నర మిల్లీమీటర్లు సాగుతుంది, అంటే అదే గట్టు మీద నాలుగున్నర సెంటీమీటర్లు. మన వేసవిలో ఎండకు కాగిన గొలుసుతో కొలిచిన అంకెకు ఏడో దశాంశాన్ని సరిదిద్దడం వృథా శ్రమ. 0.201168 చాలు.

అయితే నా దృష్టిలో తీర్పు గుణకంలో లేదు, ఆనాటి గొలుసు ఆ నేల మీద ఎలా పడిందన్నదానిలో ఉంది. వాడగా వాడగా కడియాలు అరిగి గొలుసు పొడవు పెరుగుతుంది. అటువంటి గొలుసుతో కొలిస్తే అసలు దూరం కంటే తక్కువ లింకులు నమోదవుతాయి. వాలు మీద గొలుసును మట్టంగా పట్టకుండా నేల వెంట పరిస్తే దీనికి వ్యతిరేకంగా లింకులు ఎక్కువ వస్తాయి. పదికి ఒకటి వాలున్న చేనులో అలా కొలిచిన 1,000 లింకులకు సమతల దూరం 201.17 కాక 200.17 మీటర్లే. నోటిలెక్క చెప్పే 200కు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి. గుట్టల పక్క చేలలో ఆ లెక్కే సరిపోయిందని కొందరు గట్టిగా నమ్మడానికి ఇటువంటి కాకతాళీయమే కారణం కావచ్చు.

అందువల్ల కదలలేదని ఊరు ఒప్పుకునే రాళ్ళు కనీసం మూడుంటే మూడవ దారినే ఎంచుకోవాలంటాను. స్కెచ్‌లో 1,000 లింకులున్న రెండు రాళ్ళ మధ్య నేడు 201.77 మీటర్లు వచ్చిందనుకుందాం, నిష్పత్తి 1.003. మిగిలిన రెండు భుజాలకూ అదే నిష్పత్తి వస్తే గొలుసు సాగినదని అర్థం, అప్పుడు ఆ పొలంలో లింకుకు 0.20177 వాడి, కనబడని రాయిని ఎక్కడ వెతకాలో తేల్చుకోవచ్చు. ఒక భుజం 1.003, మరొకటి 0.995 అని తేలితే గుణకం జోలికి పోకూడదు. వాలునో, రేగడిలో జరిగిన రాయినో అనుమానించాలి. రాళ్ళే మిగలని చోట 0.201168కే కట్టుబడాలి.

దత్త మండలంలో (నాటి రాయలసీమ ప్రాంతంలో) కలెక్టరు మన్రో చేయించిన సర్వేలోని 33 అడుగుల గొలుసు నేటి స్కెచ్‌లకు సంబంధించినది కాదు. ఇంజనీర్లు వాడే 100 అడుగుల గొలుసులో లింకు అంటే అడుగే. ఏ గొలుసో సందేహమైతే చదరపు లింకుల్లో వచ్చిన విస్తీర్ణాన్ని లక్షతో భాగించి, రిజిస్టరులోని ఎకరాలతో సరిచూస్తే తేలిపోతుంది, ఎందుకంటే గంటర్ గొలుసులో లక్ష చదరపు లింకులే ఒక ఎకరం. ఫోన్లలోని మార్పిడి యాప్‌లు చాలావరకు ఏ గుణకం వాడుతున్నాయో చెప్పవు కనుక వాటిని వదిలేయవచ్చు.

ఏ దారిని ఎంచుకున్నా, రోవరు ఇచ్చిన దూరం నేల మీదిదా, యూటీఎం గ్రిడ్ (భూమిని 6 డిగ్రీల జోన్లుగా విడదీసి సమతల పటంగా చూపే పద్ధతి) మీదిదా అని సర్వేయరును ముందే అడగాలి. 43, 44 జోన్ల సరిహద్దు 78 డిగ్రీల రేఖాంశం. కర్నూలు సరిగ్గా దాని పక్కనే ఉంది. జోను అంచున గ్రిడ్ దూరం అసలు దూరం కంటే ఎక్కువగా కనిపిస్తుంది: 1,000 లింకుల గట్టుకు సుమారు 18 సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక లింకు. కడప తన జోను మధ్య రేఖాంశానికి మరింత దగ్గరగా ఉన్నందున అక్కడ ఇది 6 సెంటీమీటర్ల లోపే.