టర్ఫ్ అంపైర్ ప్యాకేజీ: కార్డు బాగుంది, ఒక్క అంపైర్ సరిపోడు

నల్లగండ్ల వైపున్న ఒక బాక్స్ క్రికెట్ టర్ఫ్ రాత్రి స్లాట్‌తో పాటు అంపైర్‌ను, అచ్చేసిన రూల్స్ కార్డును కూడా ఇస్తోంది. లైట్లు, నెట్లు, మ్యాటు గురించి చెప్పడానికేం లేదు, బాగానే ఉన్నాయి. ఆఫీసు టోర్నీలు ఆగిపోయేది లొల్లి వల్ల కాబట్టి చూడాల్సింది ఆ కార్డునే.

క్రికెట్ నిబంధనలు రాసే ఎమ్‌సీసీ క్లబ్ ఆటగాళ్ల ప్రవర్తన మీద పెట్టిన 42వ నిబంధననే కార్డులో కుదించి రాశారు. 2017 అక్టోబరులో వచ్చిన ఈ నిబంధనలో తప్పులకు నాలుగు మెట్లున్నాయి. తీర్పు మీద చిందులు తొక్కడం, బూతులు తిట్టడం మొదటిది: ఒకసారి హెచ్చరిక, ఆ తర్వాత జట్టులో ఎవరు చేసినా ఎదుటివాళ్లకు 5 పరుగులు. మనిషి మీదికి ప్రమాదకరంగా బంతి విసిరితే హెచ్చరిక లేకుండానే 5. తోటి ఆటగాణ్ని కొడతానంటే 5 పరుగులతో పాటు ఇన్నింగ్స్ ఓవర్లలో ఐదో వంతు బయట కూర్చోవాలి, బదులు ఫీల్డర్‌ను ఇవ్వరు. చెయ్యి చేసుకుంటే మ్యాచ్ నుంచే పంపేస్తారు.

6 ఓవర్ల ఆటలో ఐదో వంతంటే దాదాపు 7 బంతులు. కార్డులో ఒక ఓవర్ అని రాశారు, సబబే. హాకీలో గ్రీన్ కార్డుకు 2 నిమిషాలు బయట కూర్చోబెట్టినట్టు ఇక్కడా గడియారం పెడితే ఓవర్ కూడా పూర్తవదు, పైగా బౌలింగ్ జట్టు కావాలనే సాగదీస్తుంది. లోపం వేరే చోట ఉంది. బ్యాట్స్‌మన్ బెదిరిస్తే ఏంటన్నది కార్డులో లేదు. అసలు నిబంధన ప్రకారం అతను రిటైర్డ్ నాటౌట్, శిక్ష అయ్యాకే మళ్లీ దిగొచ్చు. ఈ ముక్క చేర్పించుకోవాలి.

ఇక ప్రతీకారం. బేస్‌బాల్‌లో మనవాడికి బంతి తగిలిందంటే మన పిచర్ (బంతి విసిరేవాడు) వాళ్ల బ్యాటర్‌కు తగిలిస్తాడు. అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్‌లో గ్లవ్స్ పడేసి కొట్టుకున్న ఇద్దరూ చెరో 5 నిమిషాలు కూర్చొని తిరిగొస్తారు. టెన్నిస్ బాల్‌తో బౌన్సర్ వేసినా ఎవరికీ నొప్పి పుట్టదు కాబట్టి టర్ఫ్ మీద పగ త్రో రూపంలో తీరుతుంది. రనౌట్ వంకతో పరుగెత్తేవాడి వీపుకు గురిపెడతారు. ఆ క్షణంలో అంపైర్ కళ్లు క్రీజు మీద ఉంటాయి, విసిరినవాడి చెయ్యి ఎటు తిరిగిందో కనపడదు. ప్యాకేజీలో ఒక్కడినే ఇవ్వడం అసలైన తప్పు. స్క్వేర్ లెగ్‌లో రెండోవాణ్ని డబ్బులిచ్చయినా పెట్టించండి.

కార్డులో ఉన్న డిపాజిట్ కోత అనే అంశం మంచి ఆలోచన. 2024 డిసెంబరులో అడిలైడ్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ ట్రావిస్ హెడ్‌ను బౌల్డ్ చేసి సాగనంపిన తీరుకు మన సిరాజ్‌కు మ్యాచ్ ఫీజులో 20 శాతం కోత పడింది, ఇద్దరికీ చెరో డీమెరిట్ పాయింట్ కూడా. మ్యాచ్ ఫీజు లేని ఆటలో డిపాజిట్ ఒక్కటే చేతిలో ఉన్న పగ్గం. కానీ ఎంత కోయాలి, ఎవరు కోయాలి అన్నది రాయలేదు. మేనేజర్‌కు వదిలేస్తే రెండు జట్లూ కౌంటర్ దగ్గర పంచాయితీ పెడతాయి.

సరదా ఆటకు ఈ ప్యాకేజీ దండగ. నాకౌట్ టోర్నీకి మాత్రం ఇద్దరు అంపైర్లతో తీసుకోండి, టాస్‌కు ముందే ఇద్దరు కెప్టెన్లతో కార్డు మీద సంతకం పెట్టించండి. లేకపోతే అంపైర్ ఒకణ్ని బయటికి పొమ్మనగానే "ఇది రూల్లో ఎక్కడుందన్నా?" అంటూ రెండో లొల్లి మొదలవుతుంది.