ఆరు సీజన్లు నా భుజం మీదున్న కార్బన్ ట్రైపాడ్

మోంటానా, ఐడహో కొండల్లో వేట యాత్రలు తీసే ఒక టీవీ షోకి నేను కెమెరామన్‌ని. గుంటూరు జిల్లా నుంచి బోజ్‌మన్‌లోని మోంటానా స్టేట్ యూనివర్సిటీకి ప్రకృతి చిత్రాల కోర్సు కోసం వచ్చి, ఈ పనిలో కుదురుకున్నాను. ఆరేళ్ళలో కెమెరాలు మూడు మారాయి. ట్రైపాడ్ మాత్రం మొదటి ఏడాది కొన్నదే. కొత్తవాళ్ళు ఎప్పుడూ ఏ కెమెరా వాడతావనే అడుగుతారు. నన్నడిగితే ముందు ట్రైపాడ్ గురించే అడగాలి. కంపెనీ పేరు చెప్పను. ఈ తరహావి చాలా కంపెనీలు చేస్తున్నాయి, ఏం చూసి కొనాలో చెబుతాను.

నాలుగు సెక్షన్ల కార్బన్ ఫైబర్ కాళ్ళు, తిప్పి బిగించే లాకులు, పైన 75 మిల్లీమీటర్ల బౌల్ (హెడ్ కూర్చునే గిన్నె), అందులో చిన్న ఫ్లూయిడ్ హెడ్ (కెమెరాని నున్నగా తిప్పడానికి లోపల చిక్కటి ద్రవం ఉన్న భాగం). మధ్యలో పైకి లేచే రాడ్డు లేదు. అన్నీ కలిపి మూడు కిలోలకు కాస్త తక్కువ.

మూడు కిలోలేగా అనిపిస్తుంది. కానీ మేము తిరిగే బాబ్ మార్షల్, ఫ్రాంక్ చర్చ్ అడవుల్లో చక్రం తిరగకూడదు. 1964 నాటి వైల్డర్‌నెస్ చట్టం కింద అక్కడ మోటారు బండే కాదు, సైకిలు కూడా నిషిద్ధం. ఫ్రాంక్ చర్చ్ ఒక్కటే 23 లక్షల ఎకరాల పైచిలుకు. గుర్రాలో కంచరగాడిదలో దొరికితే సరే, లేకపోతే తిండి, గుడారం, బ్యాటరీలు, లెన్సులు అన్నీ వీపు మీదే. డ్రోన్ లేపడానికీ వీల్లేదు. కాబట్టి లోయ మొత్తం కనపడే షాట్ కావాలంటే ట్రైపాడ్ మోసుకుంటూ శిఖరం ఎక్కాల్సిందే. మొదట్లో స్టూడియోవాళ్ళు వాడే ఒక అల్యూమినియం స్టాండుని రెండు రోజులు మోశాను. మూడో రోజు దాన్ని క్యాంపులోనే వదిలేశాను. క్యాంపులో ఉండిపోయిన ట్రైపాడ్ ఎంత మంచిదైనా ఏం లాభం?

ఈ పనిలో అన్నిటికన్నా బరువైన మాట ఒకటుంది. వేటగాడు తుపాకీ గురిపెట్టి, కన్ను తిప్పకుండా గుసగుసగా అడుగుతాడు: "ఫ్రేమ్‌లో ఉందా?" నేను "ఉంది" అనేదాకా ట్రిగ్గర్ నొక్కడు. అప్పటికి నా దగ్గర పది సెకన్లు ఉంటే ఎక్కువ. వాలు మీద ఒక కాలు పొట్టిగా, రెండు కాళ్ళు పొడవుగా పెట్టి, బౌల్ కింద పిడి వదులు చేసి, మట్టం చూపే బుడగ మధ్యకి తెచ్చి బిగించేస్తాను. బౌల్ లేని స్టాండ్లలో ఇదే పనికి మూడు కాళ్ళూ సర్దుకుంటూ కూర్చోవాలి. అంతసేపు ఏ జంతువూ ఆగదు. నేలబారుగా పడుకుని తీయాల్సి వచ్చినప్పుడు మధ్య రాడ్డు లేకపోవడమే మేలవుతుంది, కాళ్ళు పూర్తిగా పరుచుకుంటాయి.

రెండో సీజన్‌లో ఒకసారి నేను "ఉంది" అనలేకపోయాను. ముందు రోజు ఇసుక వాగు దాటినప్పుడు లాకుల్లోకి సన్నని ఇసుక దూరింది, కడగలేదు. మగ ఎల్క్ (మన కణుజుకి చుట్టం, మూడు వందల కిలోల పైన తూగుతుంది) చెట్ల నుంచి బయటికి వచ్చి నిలబడింది. నా ఫ్రేమ్ మాత్రం మెల్లగా ఒక పక్కకి ఒరిగిపోతోంది. ఒక కాలు జారుతోంది. "ఆగు" అన్నాను. అతను ఆగాడు. ఎల్క్ ఆగలేదు. ఆ రాత్రి అతను ఒక్క మాటా అనలేదు, వాగు ఒడ్డున కూర్చుని నాతోపాటు లాకులు విప్పి కడిగాడు. ఆ రోజు నుంచి నీళ్ళలో దిగిన ప్రతిసారీ సాయంత్రం మూడు కాళ్ళూ విప్పి, మంచి నీళ్ళతో కడిగి, ఆరబెట్టే పడుకుంటాను. తిప్పే లాకులకి ఈ సేవ తప్పదు. మీట నొక్కి బిగించే లాకులకి ఇంత అవసరం ఉండదు కానీ అవి టక్కుమంటాయి, నిశ్శబ్దంగా ఉన్న అడవిలో ఆ చప్పుడు చాలా దూరం పోతుంది.

నవంబర్ చలిలో హెడ్ మొండికేస్తుంది. లోపలి ద్రవం చిక్కబడి, పాన్ (కెమెరాని పక్కకి తిప్పడం) నున్నగా సాగకుండా కుదుపులతో కదులుతుంది. సున్నాకి ఇరవై డిగ్రీలు దిగువన డ్రాగ్ (హెడ్ తిరగడానికి ఇచ్చే బిగువు) పూర్తిగా తగ్గించి, తెల్లవారుజామున నడక మొదలుపెట్టేముందే పది నిమిషాలు అటూ ఇటూ తిప్పుతాను. అప్పటికీ సెప్టెంబర్‌లో వచ్చే నునుపు రాదు. పెద్ద హెడ్డయితే ఇంకొంచెం నయం, కానీ దాని బరువు నేను మోయలేను.

కాళ్ళకి నేను చేసుకున్న ఒక్క మార్పు: ఊరెళ్ళినప్పుడు తెచ్చుకున్న క్రికెట్ బ్యాట్ రబ్బరు గ్రిప్పులు పై గొట్టాలకి తొడిగాను. మంచులో చెయ్యి జారదు, రాళ్ళకి తగిలినా చప్పుడు లేదు. తోటి కెమెరామన్ ఒకతను ఇప్పుడు నాతో తెప్పించుకుంటున్నాడు.

కార్బన్ తుప్పు పట్టదు గానీ మరలు పడతాయి. అలాస్కా ఆగ్నేయ తీరాన జింకల వేట తీసి వచ్చాక ఉప్పునీటికి రెండు మరలు పట్టేసి, వాటిని మార్చాల్సి వచ్చింది. కింద రబ్బరు పాదాలు మూడుసార్లు మార్చాను. ఆరేళ్ళలో నాకైన ఖర్చు అంతే.

వేట పడ్డాక కెమెరామన్ పని రెట్టింపవుతుంది. తినదగిన మాంసం అడవిలో వదిలేయడం మోంటానాలో నేరం, వదిలే మనసు కూడా మాకెవరికీ లేదు. ఎముకతో ఉన్న వెనక తొడ ఒక్కటే ముప్పై కిలోల దాకా ఉంటుంది. అది వీపున ఉన్నప్పుడు ట్రైపాడ్ మడిచి చేతికర్రలా పట్టుకుని వాగులు దాటాను. సంచికి కట్టాల్సి వస్తే ఎప్పుడూ ఎడమవైపే. గ్రిజ్లీ ఎలుగుల దారిలో బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే కొట్టే కారం స్ప్రే) తీయడానికి కుడి చేతికి అడ్డం ఉండకూడదు.

వేటే కాదు, నల్లమలలో పక్షుల్ని తీసేవాళ్ళకైనా, రోజంతా నడిచి తీసేవాళ్ళకి ఈ తరహా ట్రైపాడ్ ధైర్యంగా కొనమంటాను. కారు దగ్గరే నిలబడి తీసేవాళ్ళకి అనవసరం, ఆ డబ్బుతో బరువైన మంచి హెడ్ వస్తుంది. కొనే ముందు దుకాణంలోనే చేతి తొడుగులు వేసుకుని, కళ్ళు మూసుకుని మూడు కాళ్ళూ తెరిచి బిగించి చూడండి. మాకు వేళ తెల్లవారకముందే మొదలవుతుంది, దీపం వేయనివ్వరు.