టేపు మీదికి టారా, డీడీనా?

నా దగ్గర సెకండ్‌హ్యాండ్ ఎల్‌టీఓ-5 టేపు డ్రైవు (కంప్యూటరు ఫైళ్లను క్యాసెట్టు మీద దాచే పరికరం) ఉందని తెలిసినప్పటి నుంచి నెల్లూరు ట్రంకు రోడ్డు స్టూడియోల కుర్రాళ్లది ఒకటే ప్రశ్న: "అన్నా, పెళ్లి వీడియోలు టేపు మీద దాచడానికి టార్ మేలా, డీడీ మేలా?" రెండూ లినక్సు కమాండ్లే. టార్ ఫైళ్లను ఒక కట్టగా, అంటే ఆర్కైవ్‌గా కడుతుంది; డీడీ డిస్కును ఉన్నదున్నట్టు నకలు తీస్తుంది. ఎక్కించేటప్పుడు పెద్ద తేడా ఏమీ లేదు. క్యాసెట్టు 1.5 టీబీ, వేగం సెకనుకు 140 ఎంబీ. దేనితో నింపినా మూడు గంటలు. అసలు తేడా దించేటప్పుడు తెలుస్తుంది.

పెళ్లయిన మూడేళ్లకు ఒకాయన వస్తాడు. "మా నాన్న పోయారయ్యా, ఆ రోజు ఆయన మాట్లాడింది ఏమన్నా ఉందా?" అంటాడు. డీడీతో డిస్కు మొత్తం ఇమేజీగా, అంటే ఒకే పెద్ద నకలుగా, ఎక్కించి ఉంటే ఆ ఒక్క క్లిప్పు కోసం ఇమేజీ అంతా దించాలి, అంత ఖాళీ డిస్కు వెతుక్కోవాలి, ఆపైన మౌంట్ చేయాలి, అంటే మామూలు డిస్కులా తెరవాలి. పైగా డిస్కులో ఖాళీగా పడున్న చోటును కూడా డీడీ మోసుకెళ్లి టేపు మీద పెడుతుంది. ఒక టేపును ఉన్నదున్నట్టు ఇంకో టేపుకు తీయాలంటే మాత్రం డీడీ తర్వాతే ఏదైనా.

టార్‌తో నేను ఒక్కో పెళ్లికి ఒక్కో ఆర్కైవ్ వేస్తాను. ఏడో పెళ్లి కావాలా? టేపును ముందుకూ వెనక్కూ నడిపే ఎంటీ కమాండుతో ఎఫ్ఎస్ఎఫ్ 6 అని కొడితే టేపు ఆరు దాటి ఏడోదాని మొదట్లో ఆగుతుంది. ఒక పెళ్లి 200 జీబీ ఉన్నా చదవడం అరగంటలోపే.

ఇది కుదరాలంటే కమాండులో డ్రైవుకు ఇచ్చే పేరు (డివైస్ పేరు) ఎన్ఎస్టీ0 అయి ఉండాలి. మొదట్లో నేను ఎస్టీ0 అని కొట్టాను. అది పని అయిపోగానే టేపును వెనక్కి చుట్టేస్తుంది. మూడు పెళ్లిళ్లు వరసగా ఎక్కించి, రాత్రి పదకొండింటికి లిస్టు తీస్తే మూడోది ఒక్కటే ఉంది! మొదటిదాని మీద రెండోది, రెండోదాని మీద మూడోది. డిస్కులు ఇంకా ఖాళీ చేయలేదు కాబట్టి బతికాను.

టార్‌లో ఫైళ్లను కుదించే జిప్ ఆప్షన్ జోలికి పోకండి. వీడియో ఎటూ ఇంకా తగ్గదు. కంప్రెస్ చేసిన ఆర్కైవ్‌లో ఒకచోట దెబ్బతింటే ఆ తర్వాతదంతా రాబట్టడం గగనం. మామూలు టార్ అయితే ఆ ఫైలు వదిలేసి తర్వాతి హెడర్ (తర్వాతి ఫైలు మొదలయ్యే గుర్తు) వెతుక్కుంటుంది. బ్లాక్ సైజు, అంటే టేపు మీద ఒక్కసారి రాసే ముక్క, నేను మైనస్ బీ 512 (512 బైట్లవి 512), అంటే 256 కేబీ పెడతాను. చదివేటప్పుడు చిన్న సైజు ఇస్తే మెమరీ చాలలేదని ఎర్రర్ కొడుతుంది, డ్రైవు చెడిందేమోనని మనకు టెన్షన్. అందుకే ఆ అంకె క్యాసెట్టు లేబుల్ మీదే రాస్తాను.

సీపీఐఓ అనే ఇంకో ఆర్కైవ్ కమాండు గురించి అడిగేవాళ్లూ ఉన్నారు. దాని న్యూసీ ఫార్మాట్‌లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు, మన క్లిప్పులకు చాలదు. ఎల్‌టీఎఫ్ఎస్ అనే టేపు ఫైల్ సిస్టమ్ అయితే టేపు పెన్‌డ్రైవులా కనిపిస్తుంది, ముచ్చటగానే ఉంటుంది. కానీ ఫైలు డిలీట్ చేసినా చోటు తిరిగి రాదు, చదవాలంటే అవతలి మెషీన్లోనూ ఆ సాఫ్ట్‌వేర్ ఉండాలి. టార్ ఏ లినక్సులోనైనా ఉంటుంది.

దేనితో ఎక్కించినా రెండు కాపీలు తీయండి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పటి నుంచి నా రెండో క్యాసెట్టు కావలిలో మా అక్క బీరువాలో, పట్టుచీరల పక్కన ఉంటోంది.