చంద్రముఖి గది వెతుక్కుంటూ రెండు రాజభవనాలకు

2005 వేసవిలో తెనాలిలో అక్క పక్కన కూర్చుని ‘చంద్రముఖి’ చూసినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. వడివేలు వణికినప్పుడల్లా హాలంతా ఘొల్లుమనేది. మేడ మీది గది తాళం తెరుచుకున్నాక మాత్రం నేను అక్క చున్నీలోంచి తల బయటికి తీయలేదు. మొన్న సంక్రాంతికి ఇద్దరం మళ్లీ చూశాం, ఈసారి తమిళంలోనే. ఈసారి భయం వేయలేదు, దుఃఖం వచ్చింది. చంద్రముఖి ఆంధ్ర నుంచి రాజు తెచ్చుకున్న నర్తకి. అందుకే తమిళ సినిమాలోనూ ఆ చివరి పాట తెలుగులోనే ఉంటుంది. “పరాయి ఊళ్లో బందీ అయిపోయిన పిల్ల కదరా” అంది అక్క. చిన్నప్పుడు మాకు ఆవిడ దెయ్యం, అంతే.

ఈ కథకు మూలం 1993లో ఫాజిల్ తీసిన మలయాళ సినిమా ‘మణిచిత్రతాళు’. దాన్ని కొచ్చి దగ్గర త్రిపుణితురలోని హిల్ ప్యాలెస్‌లోనూ, కన్యాకుమారి జిల్లాలోని పద్మనాభపురం ప్యాలెస్‌లోనూ తీశారు. ఆ రెండూ చూసి రావాలనుకున్నాం. ఫిబ్రవరిలో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మర్నాడు ఎర్నాకుళం టౌన్‌లో దిగాం. పక్కనే టౌన్‌హాల్ మెట్రో స్టేషన్ ఉంది, అక్కడి నుంచి త్రిపుణితుర దాకా మెట్రోలోనే వెళ్లొచ్చు. సామాన్లతో ఆటో బేరాలాడే టెన్షన్ లేదు.

త్రిపుణితురలో ఒక పెద్దాయన ఇంట్లో హోమ్‌స్టే దొరికింది. గది చిన్నదే గానీ దుప్పట్లు ఎండలో ఆరేసిన వాసన వచ్చాయి. పొద్దున్నే అప్పం, శనగల కూర పెట్టారు. ఈ ప్రయాణంలో బస అంటే నాకు గుర్తుండేది ఆ ఇల్లే.

హిల్ ప్యాలెస్ 1865లో కొచ్చి రాజులు కట్టింది. 54 ఎకరాల్లో 49 కట్టడాలు ఉన్నాయి. ముందున్న మెట్ల వరసలు, ఎర్ర పెంకుల కప్పు చూడగానే సినిమా గుర్తొస్తుంది. లోపలికెళ్తే మ్యూజియం. కిరీటాలు, కత్తులు అన్నీ అద్దాల వెనక ఉంటాయి. చక్కగా పెట్టారు, కానీ ఇల్లన్న భావన మిగల్లేదు. స్కూలు పిల్లల గుంపులు కూడా ఎక్కువ. పూట చాలు.

అక్కడి నుంచి రైల్లో పద్మనాభపురానికి దగ్గర్లోని నాగర్‌కోయిల్ చేరాం. లాడ్జి విషయంలో మోసపోయాం. ఫొటోలో కిటికీలోంచి కొండలు కనిపించాయి, మాకిచ్చిన గది కిటికీ తీస్తే పక్కింటి గోడ. వేడినీళ్లు రెండు బకెట్లకు మించి రాలేదు. గది మార్చమంటే రేపు చూద్దామన్నారు, ఆ రేపు రానే లేదు. మీరు వెళ్తే గది చూశాకే డబ్బు కట్టండి. వీధి చివర బండి మీద కొన్న మట్టి పళం అనే చిన్న అరటిపండు మాత్రం మరిచిపోలేను. వేలెడంత ఉంటుంది, తొక్క తీస్తుంటేనే తేనె వాసన.

పద్మనాభపురానికి నాగర్‌కోయిల్ నుంచి తిరువనంతపురం వైపు వెళ్లే బస్సెక్కి తక్కలలో దిగాలి. అక్కడి నుంచి ఆటోలో కొద్ది దూరమే. సోమవారం మూసేస్తారు, మధ్యాహ్నం భోజన విరామం కూడా ఉంది, కాబట్టి తెరిచే వేళకే వెళ్లండి. నేల తమిళనాడుది, ప్యాలెస్‌ను చూసుకునేది కేరళ పురావస్తు శాఖ. 1795లో రాజధాని తిరువనంతపురానికి మారేదాకా తిరువాంకూరును ఇక్కడి నుంచే ఏలారు.

చెప్పులు బయట విడిచి లోపల అడుగు పెట్టగానే నాకు ముందు పాదాలకు తెలిసింది. నేల నల్లగా, చల్లగా, అద్దంలా ఉంది. వంగి చూస్తే నా ముఖం, దాని వెనక కిటికీ చెక్కడం కనిపించాయి. సున్నం, గుడ్డు తెల్లసొన, కాల్చిన కొబ్బరి చిప్పల బొగ్గు, బెల్లం కలిపి చేశారట. రాజు మంత్రులతో కొలువుదీరే మంత్రశాల కిటికీల్లో రంగురంగుల అభ్రకం పలకలున్నాయి, ఎండ వాటిలోంచి దిగి ఎర్రగా, పచ్చగా పడుతుంది. అరవై నాలుగు రకాల మూలికల చెక్కతో చేసిన మంచం, వెయ్యి మంది ఒకేసారి కూర్చుని తినగలిగే భోజనశాల కూడా ఉన్నాయి. గది గదికీ తలవంచి దాటాల్సిన గుమ్మాలు, ఇరుకు మెట్లు, మసక చీకటి. నా తొమ్మిదేళ్ల భయం ఇలాంటి ఇంట్లోనే కాపురముంది. రెండింట్లో ఒక్కటే చూసే వీలుంటే ఇదే చూడండి, పూటంతా కేటాయించండి.

నవరాత్రి మండపంలో రాతి స్తంభాల మధ్య నాట్యం జరిగేది. రాజకుటుంబం ఆడవాళ్లు చెక్క జాలీ వెనక నుంచి చూసేవారు. అక్క ఆ జాలీ దగ్గర చాలాసేపు నిలబడి, తెలియకుండానే ఆ పాట కూనిరాగం తీసింది. కాపలా ఉన్న ఆవిడ దగ్గరికొచ్చింది. కసురుతుందేమో అనుకున్నాం. నవ్వి, తమిళంలో “తెలుగా?” అనడిగింది.

“అవునమ్మా. మా సినిమాలో ఆ పిల్ల తెలుగమ్మాయి” అని అక్క వచ్చీరాని తమిళంలో చెప్పింది.

“మా మలయాళం సినిమాలో తమిళమ్మాయి. తంజావూరు నుంచి తెచ్చారు” అందావిడ.

అక్క ఏమీ అనలేదు, ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇంతలో విరామం వేళయింది. ఆవిడ తాళాల గుత్తి తీసుకుని మాతో పాటు మెట్లు దిగింది.