సీవీ బూట్ సొంతంగా మార్చి రెండేళ్లు: బూట్ మంచిదే, క్లాంపుతోనే నాకు పేచీ

సీవీ బూట్ అంటే, గేర్‌బాక్స్ నుంచి చక్రాన్ని తిప్పే షాఫ్ట్ చివర ఉన్న జాయింటులోంచి గ్రీజు పోకుండా, లోపలికి దుమ్ము చేరకుండా కప్పే మడతల రబ్బరు తొడుగు. అది మార్చాక రెండేళ్లలో కారు దాదాపు 18,000 కిలోమీటర్లు తిరిగింది. బూట్ రబ్బరు మీద చిన్న పగులు కూడా లేదు. దాని గురించి చెప్పాల్సింది అంతే. మిగతాదంతా దాన్ని పట్టి ఉంచే క్లాంపుల గోల.

రెండేళ్ల కిందట టైరు మార్చుదామని చక్రం విప్పితే రిమ్ లోపలి వైపంతా నల్ల గ్రీజు చిమ్మి ఉంది. చక్రం వైపు బూట్ ఒక మడత దగ్గర చీలిపోయింది. అప్పటికి మలుపుల్లో టకటక శబ్దం లేదు కాబట్టి జాయింటు ఇంకా బాగానే ఉందనుకుని సాగే రకం బూట్ కిట్ తెచ్చాను. మామూలు బూట్ అయితే జాయింటుని షాఫ్ట్ నుంచి సుత్తితో కొట్టి ఊడదీయాలి. దీనికి ఆ అవసరం లేదు. కిట్‌లో ఇచ్చిన ప్లాస్టిక్ కోన్‌ని జాయింటు మీద పెట్టి, దానికి గ్రీజు రాసి, బూట్‌ని సన్న మూతి ముందుగా ఎక్కించి బలంగా తోస్తే, జాయింటు మీదుగా సాగి షాఫ్ట్ మీదకి జారుతుంది. మొదటిసారి అది టప్పున దాటినప్పుడు నేను నిజంగానే నవ్వేశాను.

షాఫ్ట్ బయటికి రావాలంటే ముందు రెండు ఊడదీయాలి: చక్రం బిగించే హబ్‌లో షాఫ్ట్‌ని పట్టి ఉంచే హబ్ నట్టు, హబ్‌ని సస్పెన్షన్‌కి కలిపే బాల్ జాయింట్. ఆ బాల్ జాయింట్ దగ్గరే నాకు రెండు గంటలు పోయాయి. ఒక్కటి మాత్రం చెప్పాలి: హబ్‌లోంచి షాఫ్ట్ తీసేటప్పుడు దాన్ని పట్టుకుని బయటికి గుంజకండి, గేర్‌బాక్స్ వైపు జాయింటు లోపల విడిపోవచ్చు. నేను రెండుసార్లు గుంజాను. ఏమీ కాకపోవడం నా అదృష్టం.

ఇక క్లాంపులు. కిట్‌లో వచ్చినవి పల్చటి రేకు పట్టీలు. బకిల్‌లోంచి లాగి, మడిచి, మిగిలింది కత్తిరించాలి. మామూలు కటింగ్ ప్లేయర్‌తో ఎంత లాగినా సగం బిగువే వస్తుంది. చేతికి గట్టిగా అనిపించింది, సరే అనుకున్నాను.

అయిదు నెలలు ఏ గొడవా లేదు. తర్వాత ఒక దూర ప్రయాణంలో, వాన రోజున, ఎక్కడో గ్రీజు మాడుతున్న వాసన వచ్చింది. ఇంజనులో ఏదో లీకవుతోందని టెన్షన్ పడి బానెట్ ఎత్తి చూశాను. అక్కడ ఏమీ లేదు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి చక్రం వెనక తొంగి చూస్తే దొరికింది: సన్న మూతి క్లాంపు వదులై, బూట్ షాఫ్ట్ మీద గాడిలోంచి వేలెడు జరిగి ఉంది. గ్రీజు వేడి బ్రేక్ కాలిపర్ మీద పడి మాడుతోంది. బ్రేక్ డిస్కు మీద పడలేదని రెండుసార్లు చూసుకున్నాక గానీ కదల్లేదు. డిక్కీలో ఉన్న నైలాన్ టైలు రెండు వేసి, నెమ్మదిగా ఇల్లు చేరాను. ఆ టైలు మూడో రోజుకే మళ్లీ జారాయి. బూట్ మీద నైలాన్ టై సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

అప్పుడు కొన్నాను, చెవి ఉన్న స్టీలు క్లాంపులూ, ఆ చెవిని నొక్కే ప్రత్యేకమైన పట్టకారూ. ఆ పట్టకారుతో నొక్కితే చెవి ముడుచుకుని పట్టీ బిగుసుకుంటుంది, రబ్బరు మీద సమంగా అచ్చు పడుతుంది. పది నిమిషాల పని. అదే కిట్‌లో పెట్టి ఉంటే ఈ కథే ఉండేది కాదు.

న్యాయంగా చెప్పాలంటే తప్పు మొత్తం కిట్‌ది కాదు. ఇలాంటి బూట్ చాలా రకాల షాఫ్టులకి పనికిరావాలి కాబట్టి సన్న మూతికి మెట్లు మెట్లుగా గుర్తులుంటాయి, మన షాఫ్ట్ మందానికి సరిపోయే చోట కోసుకోవాలి. నేను కొలవకుండా కంటి అంచనాతో కోశాను, ఒక మెట్టు ఎక్కువ పోయింది. పైగా లోపల ఇరుక్కున్న గాలిని వదలలేదు. క్లాంపు బిగించే ముందు సన్న మూతి కింద చిన్న స్క్రూడ్రైవర్ దూర్చి ఒకసారి తీస్తే గాలి బుస్సుమని పోతుంది, మడతలు సర్దుకుంటాయి. రెండోసారి అది చేశాను.

ఇంకో మాట. కోన్ గురించి మొదట్లో అందరికీ గొప్పగా చెప్పుకున్నాను, జాయింటు విప్పక్కర్లేదు అని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను. విప్పకపోతే లోపలి గోళీల మధ్య చేరిన ఇసుక పూర్తిగా బయటికి రాదు. కిరసనాయిలు పోసి, తిప్పి, గుడ్డతో తుడిచి, మళ్లీ పోసి నాకు చేతనైనంత కడిగాను. అయినా ఆరు నెలల నుంచి, పొద్దున్నే బండి వెనక్కి తీస్తూ స్టీరింగ్ చివరిదాకా తిప్పితే, ఒక్కోసారి టక్‌మంటోంది. చీలిన బూట్‌తో తిరిగిన రోజుల్లోనే జాయింటు అరిగిందో, నేను వదిలేసిన ఇసుక వల్లో చెప్పలేను. ఫ్యాక్టరీ బూట్ ఉన్న రెండో వైపు మాత్రం చడీచప్పుడూ లేదు.

మళ్లీ చేస్తానా? నాకు గట్టి సిమెంటు నేల ఉంది, జాకీతో పాటు రెండు స్టాండ్లున్నాయి, పని మధ్యలో ఆగిపోయినా ఇంట్లో ఇంకో బండి ఉంది. ఆ పరిస్థితిలో చేస్తాను, ఈసారి జాయింటు విప్పి కడుగుతాను. రోజూ ఆఫీసుకి అదే కారు కావాల్సినవాళ్లకి చేయమని చెప్పను. ఇప్పటికే టకటక మొదలైన కారుకైతే బూట్ మార్చి లాభం లేదు, జాయింటో మొత్తం షాఫ్టో మార్చుకోవడమే.

ఆ పట్టకారు ప్రస్తుతం మా బావమరిది దగ్గరుంది. "రేపిస్తాను బావా" అని తీసుకెళ్లి నాలుగు నెలలైంది. వానలు మొదలయ్యేలోపు అడిగి తెచ్చుకోవాలి, రెండో వైపు బూట్ మడతల్లో సన్నటి గీతలు కనిపిస్తున్నాయి.