అంతర్వేదిలో ఒక రాత్రి ఉండి చూడండి

అంతర్వేది వెళ్లొచ్చినవాళ్లను ఎవరినైనా అడగండి. లక్ష్మీనరసింహస్వామి దర్శనం బాగా జరిగిందని చెబుతారు, బీచ్‌లో దిగిన ఫొటోలు చూపిస్తారు. ఊరి గురించి మాత్రం పెద్దగా మాట రాదు. పొద్దున్నే కారులో దిగి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నం భోజనాల వేళకి రాజోలు దాటేస్తే ఇంకేం చెప్పగలరు? గుడినీ, గోదారినీ, సముద్రాన్నీ, పల్లిపాలెం మత్స్యకారులనీ కలిపి చూస్తేనే ఈ ఊరు తెలుస్తుంది. అందుకు ఒక రాత్రైనా అక్కడ పడుకోవాలి.

మేము రాత్రి రైల్లో నరసాపురం వెళ్లాం. రైలుకి అదే ఆఖరి స్టేషన్. అక్కణ్ణుంచి ఆటోలో మాధవాయిపాలెం రేవుకి చేరి, పంటు, అంటే మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ మీద గోదారి దాటితే అవతల సఖినేటిపల్లి. ఇటు పశ్చిమ గోదావరి, అటు 2022లో ఏర్పడ్డ కోనసీమ జిల్లా. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వర్తక స్థావరం పెట్టుకున్నది ఈ మాధవాయిపాలెంలోనే. నరసాపురంలో ఆ రోజుల్లో పెద్ద పెద్ద ఓడలు కట్టేవారు. ఇప్పుడు అదే రేవులో బైకులు, ఆటోలు, కూరగాయల మూటలు, కాలేజీ పిల్లలు, పెళ్లికి బయల్దేరిన కుటుంబాలు అన్నీ ఒకే పంటు మీద సర్దుకుని నిలబడతాయి. ఇక్కడ వంతెన కావాలని జనం ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు. కారులో వచ్చేవాళ్లు పాలకొల్లు, చించినాడ వంతెన, మలికిపురం మీదుగా చుట్టూ తిరిగి రావచ్చు. అయినా నా ఓటు పంటుకే. ఏరు ఎంత వెడల్పో, దాన్ని దాటడం ఇక్కడివాళ్లకి రోజూ ఎంత పనో దాని మీద నిలబడితేనే తెలుస్తుంది.

ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలుతుంది. వశిష్ఠ సముద్రంలో కలిసే చివర ఉన్నది అంతర్వేది. ఒక పక్క నది, ఒక పక్క బంగాళాఖాతం, మధ్యలో కొబ్బరితోటలు, సరుగుడు తోపులు, రొయ్యల చెరువులు. ఊరు కూడా ఒక్కచోట ఉండదు. గుడి ఉన్న అంతర్వేది, అంతర్వేదిపాలెం, సముద్రం వైపు అంతర్వేదికర, మత్స్యకారుల పల్లిపాలెం అని విడివిడిగా పరుచుకుని ఉంటుంది. నేల అంతా పల్లం. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను గురించి నడివయసు దాటినవాళ్లెవరిని కదిపినా చెబుతారు. ఆ ఒక్క రాత్రికే కోనసీమలో లెక్కలేనన్ని కొబ్బరిచెట్లు నేలకూలాయి.

నది, సముద్రం కలిసే చోటుని అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. ఇక్కడ నీళ్లలో రెండు రంగులు విడిగా కనబడతాయి, గోదారి వైపు మట్టిరంగు, సముద్రం వైపు నీలం. వరద దిగిన తర్వాతి రోజుల్లో తేడా ఇంకా బాగా తెలుస్తుందని ఊరివాళ్లు చెప్పారు. ఎదురుగా చూస్తుంటే ఇంత నిమ్మళమైన చోటు ఇంకోటి లేదనిపిస్తుంది గానీ స్నానానికి మాత్రం ఇక్కడ దిగొద్దు. నది తోపు, సముద్రం పోటు కలిసేచోట కాలు నిలవదు. మునగాలనుకుంటే జనం ఉన్న బీచ్ వైపే, అదీ మోకాలి లోతు దాటకుండా. పిల్లలుంటే చెయ్యి వదలకండి.

ఈ తీరం స్థిరంగా ఉండేది కాదు. ఎగువన ఆనకట్టలు కట్టాక నది తెచ్చే ఒండ్రు తగ్గింది, సముద్రం ఒడ్డుని కోస్తోంది. కోతకి వేళ్లు బయటపడ్డ సరుగుడు చెట్లు బీచ్‌లో నడుస్తుంటేనే కనిపిస్తాయి. ఇంకోపక్క నది మొగలో ఇసుక మేటలు వేస్తుంది. పర్యాటకులకి ఇవేవీ పట్టవు గానీ పల్లిపాలెంలో రోజూ జరిగే చర్చ ఇదే.

పల్లిపాలెం గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఏట్లోంచి పడవలు వచ్చి ఆగే ఈ రేవుకి తెల్లారకముందే వెళ్లండి. ఒడ్డున ఐసు పెట్టెలు, వేలంపాట, కొన్న చేపని బేసిన్లలో సర్దుకుంటూ ఆడవాళ్లు. పాట పాడే మనిషి గొంతు విని ధర తెలుసుకోవడం కొత్తవాళ్ల వల్ల కాదు. నేను పక్కన నిలబడి చాలాసేపు విన్నా సగం అర్థం కాలేదు. ఆ పూట చందువా, పండుగప్ప, కానాగంతలు, పీతలు వచ్చాయి. కాస్త అవతల తాళ్ల మీద సావిళ్లు ఆరేసి ఉన్నాయి. వెండి పట్టీల్లాంటి పొడుగాటి చేపలు, ఒక్కోదాన్ని తల కిందికి వేలాడదీస్తున్న ఆవిడ చేతులు ఉప్పుకి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఎండుచేపలు కొంటామంటే, "ఇవి ఇంకా ఆరలేదు బాబూ, నిన్నటివి తీసుకోండి" అని లోపల్నించి వేరే మూట తెచ్చి ఇచ్చింది. పచ్చివి అంటగట్టినా మాకు తెలిసేది కాదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మరపడవల వేట నిషేధం. ఆ రెండు నెలలూ రేవు మూగబోతుంది. వేట లేని రోజులకి ప్రభుత్వం భృతి ఇస్తుంది, వలలు బాగుచేసుకోవడం, పడవలకి రంగులేయడం అప్పుడే. పల్లిపాలెం చూడాలనుకుంటే ఆ రోజుల్లో రావద్దు.

గుడికీ సముద్రం మీద బతికేవాళ్లకీ సంబంధం గట్టిది. ఇప్పుడున్న ఆలయాన్ని కట్టించినది కోపనాతి కృష్ణమ్మ, ఓడల వ్యాపారి, మత్స్యకార కులమైన అగ్నికుల క్షత్రియుడు. 1823లో పూర్తయిందని అక్కడి శాసనం చెబుతుంది. మాఘ శుద్ధ దశమి రాత్రి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. రథం వెళ్లే దారిలో స్వామి చెల్లెలు గుర్రాలక్క గుడి దగ్గర ఆగి, ఆయన తరఫున ఆమెకి చీర ఇస్తారు. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయింది. మరుసటి ఏడాది ఉత్సవానికే కొత్త రథం సిద్ధం చేశారు. గుడి పడమటి ముఖంగా ఉంటుంది, సాయంత్రం వెలుతురు నేరుగా ముఖద్వారం మీద పడుతుంది. పొద్దుటి హడావుడి కన్నా ఆ వేళ దర్శనం నాకు ఎంతో హాయి అనిపించింది.

ఇక బస. దేవస్థానం గదులు, కులాలవారీ సత్రాలు గుడి చుట్టుపక్కల ఉన్నాయి. పడుకోవడానికి చాలు, అంతకుమించి ఆశించొద్దు. మేం దిగిన గదిలో కుళాయి నీళ్లు ఉప్పగా వచ్చాయి, కరెంటు పోతే ఫ్యాన్ లేదు. తాగడానికి క్యాన్ నీళ్లు కొనుక్కోవడమే మంచిది. పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో వస్తే దిండి అనే ఊళ్లో పర్యాటక శాఖ రిసార్టు ఉంది. కొబ్బరితోటల మధ్య గోదారి ఒడ్డున, సౌకర్యంగా ఉంటుంది. కానీ అక్కడ ఉంటే తెల్లవారుజామున పల్లిపాలెం చేరడం కష్టం. నరసాపురం లాడ్జీల సంగతీ అంతే, మొదటి పంటు దాటి వచ్చేసరికి వేలం అయిపోతుంది. కాబట్టి ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లకి నా సలహా గుడి దగ్గర గదే.

భోజనానికి మధ్యాహ్నం గుళ్లో అన్నదానం ఉంది, శుభ్రంగా, ఆప్యాయంగా పెడతారు. పొద్దున్న టిఫిన్ బళ్ల దగ్గర వేడి ఇడ్లీ దొరికింది. చేపల పులుసు కావాలంటే గుడి పరిసరాల్లో వెతక్కండి. పల్లిపాలెంలో ముందు రోజే చెప్పి పెట్టుకుంటే ఎవరో ఒకరు ఇంట్లో వండి పెడతారు, అడిగినంత కాదనకుండా ఇవ్వండి. బీచ్ దగ్గర ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి సరైన చోటు లేకపోవడం మాత్రం నన్ను చాలా బాధపెట్టింది. మాఘమాసంలో లక్షల మంది వచ్చే చోట ఇది చిన్న విషయం కాదు.

డబ్బు చేతిలో ఉంచుకోండి, ఫోన్ సిగ్నల్ అన్నివేళలా ఉండదు. సఖినేటిపల్లి రేవు నుంచి షేర్ ఆటోలు నడుస్తాయి గానీ చీకటి పడ్డాక పలచబడతాయి. లైట్‌హౌస్ ఎక్కాలంటే ఏ వేళల్లో అనుమతిస్తారో ఆటోవాళ్లనే ముందుగా అడగండి. నరసాపురంలో ఒక పూట మిగిలితే 2024లో భౌగోళిక గుర్తింపు దక్కిన అల్లిక లేసులు చూడండి, అక్కడి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఇళ్లలో కూర్చుని అల్లేవే అవి. నవంబరు తుపాన్ల రోజులు గడిచాక, డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా వాతావరణం బాగుంటుంది. జూలై, ఆగస్టుల్లో పులస కోసం వచ్చేవాళ్లు గోదారి వరద వార్తలు చూసుకుని బయల్దేరండి. వరద ఎక్కువైతే పంటు ఆపేస్తారు, అప్పుడు చించినాడ వంతెన మీదుగా వెళ్లాల్సిందే.